బాల్ పైథాన్ తినట్లేదా? ముందు దాని ఇల్లు చూడండి

బాల్ పైథాన్ గురించి మీరు పంపిన ప్రశ్నల్లో ఎక్కువసార్లు వచ్చింది ఒక్కటే. "బ్రో, నా పాము తినట్లేదు, ఏం చేయాలి?" కొందరిది మూడు వారాలు, ఒకాయనది రెండు నెలలు. ఆయనకి ఎవరో చెప్పారట, నోరు తెరిచి ఎలుకని లోపలికి తోసెయ్యమని. దయచేసి ఆ పని చేయకండి. నోరు, గొంతు గాయపడతాయి, ఆ ఒత్తిడికి తిన్నది కక్కేయొచ్చు కూడా. అవసరమైతే అది పాముల వైద్యం తెలిసిన వెట్ చేయాల్సిన పని, అదీ చివరి మార్గంగా.

ఈ రోజు నేను చెప్పేది ఒకటే మాట. బాల్ పైథాన్ తినకపోతే ముందు పామును కాదు, దాని ఇంటిని చెక్ చేయండి. కోడ్ క్రాష్ అయితే ముందు లాగ్స్ చూస్తాం కదా, ఇదీ అంతే.

ఈ పాము ఊరు పశ్చిమ, మధ్య ఆఫ్రికా. ఘానా, టోగో, బెనిన్ వైపు గడ్డి మైదానాల్లో, పొలాల్లో ఉంటుంది. పగలు ఎక్కువగా ఎలుక బొరియల్లో, చెదల పుట్టల్లో గడుపుతుంది. పుట్ట అంటే మనకి వేరే చెప్పాలా? నాగుల చవితికి పాలు పోసేది అక్కడే. మా అమ్మ ఇప్పటికీ ఫోన్‌లో అడుగుతుంది, "పాలు పోస్తున్నావా నాన్నా?" అని. పాలు పాము ఆహారం కాదమ్మా, గిన్నెలో మంచినీళ్లు చాలు అంటాను. కానీ ఆ పుట్ట ముఖ్యం. పుట్టలో ఏముంటుంది? చీకటి, ఇరుకు, వెచ్చదనం, తేమ. మన పెట్టెలో ఈ నాలుగూ ఉండాలి.

మొదట ఇరుకు, చీకటి. భయం వేస్తే బంతిలా చుట్టుకుని తల లోపల దాచుకుంటుంది, ఆ పేరు అందుకే వచ్చింది. అంత పిరికిది. అలాంటిదాన్ని నాలుగువైపులా అద్దాలున్న ఖాళీ పెట్టెలో పెడితే ఏం తింటుంది? పెద్ద పాముకి 4 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పు, 2 అడుగుల ఎత్తు పెట్టె మంచిది. "పెద్ద పెట్టెలో తినదు" అంటారు గానీ, అసలు సమస్య పెట్టె పెద్దదవడం కాదు, ఖాళీగా ఉండటం. వెచ్చటి వైపు ఒక గూడు, చల్లటి వైపు ఒక గూడు పెట్టండి. చుట్టుకుని కూర్చుంటే గోడలు ఒంటికి తగలాలి. మధ్యలో ప్లాస్టిక్ ఆకులు, చెట్టు బెరడు, ఏదైనా నింపండి. మూడువైపులా బయటినుంచి నల్ల కాగితం అంటించినా చాలు.

రెండోది వేడి. వెచ్చటి వైపు 88 నుంచి 92 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే 31 నుంచి 33 సెల్సియస్. చల్లటి వైపు 76 నుంచి 80. తిన్నది అరగాలంటే ఆ వేడి కావాలి, వేడెక్కితే పక్కకి జరగడానికి చోటూ కావాలి. హీట్ మ్యాట్ అయినా, బల్బ్ అయినా థర్మోస్టాట్ లేకుండా పెట్టొద్దు. ఇక్కడ డబ్బు మిగుల్చుకోవద్దు, పాము కాలిపోతుంది. వేడి రాళ్లని అమ్ముతారు, అవి అసలే వద్దు.

మూడోది తేమ. 60 నుంచి 80 శాతం. నేనుండే టెక్సాస్‌లో చలికాలం హీటర్ ఆన్ చేస్తే ఇంట్లో గాలి ఎండిపోతుంది. కొబ్బరి పీచు మందంగా పరిచి, మూలల్లో నీళ్లు పోస్తాను. దేవదారు పొట్టు వాడకండి, దాని నూనెల ఘాటు పాముకి పడదు. కుబుసం ముక్కలుగా ఊడుతుంటే తేమ తక్కువైందని అర్థం.

ఇవన్నీ సరిగ్గా ఉన్నాయా? ఇప్పుడు తిండి. ఎలుక లావు, పాము ఒంట్లో లావైన భాగమంత ఉంటే చాలు. పిల్లలకి వారానికోసారి, పెద్దవాటికి రెండు నుంచి నాలుగు వారాలకోసారి. బతికున్న ఎలుక వద్దు, అది పామునే కొరికేస్తుంది. ఫ్రోజెన్‌ది రాత్రి ఫ్రిజ్‌లో కరిగించి, కవర్లో పెట్టి వేడినీళ్లలో ముంచండి. మైక్రోవేవ్‌లో మాత్రం పెట్టకండి. పాము పెదవుల దగ్గరున్న గుంటలతో వేడిని పసిగడుతుంది, కాబట్టి ఎలుక తల వెచ్చగా ఉండాలి. పొడవాటి పట్టకారుతో, రాత్రిపూట, లైట్లు తగ్గించి ఇవ్వండి. వద్దంటే తీసేయండి, వారం ఆగండి. రోజూ ఎలుకని ముఖం ముందు ఆడిస్తే ఇంకా ముడుచుకుపోతుంది. తిన్నాక రెండు రోజులు చేతిలోకి తీసుకోవద్దు.

అన్నీ సరిగ్గా ఉన్నా తినకపోవచ్చు. ముఖ్యంగా పెద్ద మగ పాములు చలికాలంలో నెలల తరబడి మానేస్తాయి. మా వాడు ఇప్పుడు ఏడో వారంలో ఉన్నాడు. నాకూ టెన్షనే, కానీ నేను నమ్మేది కిచెన్ త్రాసుని. మొదలుపెట్టినప్పుడు 1,420 గ్రాములు, నిన్న 1,395. పర్లేదు. బరువు పదో వంతు తగ్గినా, నోరు తెరిచి ఊపిరి తీసినా, గురగుర శబ్దం వచ్చినా, నోటినుంచి జిగురు కారినా ఆగొద్దు, వెట్ దగ్గరికి వెళ్లండి. పిల్ల పాములకి ఇంత ఓపిక పనికిరాదు, వాటి ఒంట్లో నిల్వ తక్కువ.

ఇండియా నుంచి చూస్తున్న వాళ్లకి ఒక మాట. మన కొండచిలువని పెంచడం నేరం, అది వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో ఉంది. బాల్ పైథాన్ విదేశీ పామే అయినా, 2022 సవరణ తర్వాత వచ్చిన 2024 నిబంధనల ప్రకారం పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించాలి. కాగితాలు చూపించలేని వాళ్ల దగ్గర కొనకండి.

ఇది 20, 30 ఏళ్లు బతికే జీవి. రెండు నెలలు తినలేదని కంగారుపడి దాన్ని హింసించొద్దు. ఈ రోజు రాత్రి థర్మామీటర్, త్రాసు తీసుకుని పెట్టె ముందు కూర్చోండి. రెండువైపుల వేడి, తేమ, బరువు, ఈ నాలుగు నంబర్లూ రాసి పంపండి, వచ్చే ఎపిసోడ్‌లో కలిసి చూద్దాం. చేతులు సబ్బుతో కడుక్కోవడం మర్చిపోకండి. ఉంటానండీ.