రాజు వెళ్ళాడు, పింఛను మిగిలింది
(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ రోజు బవేరియా రాజ్యం గురించి నాలుగు మాటలు మనవి చేస్తాను. జర్మనీ రాజుల కథ మనకెందుకని మీరనుకోవచ్చు. నెలనెలా మన ఖాతాలో పడే సొమ్ముకూ, ఆ కథకూ దూరపు చుట్టరికం ఉంది.

జర్మనీ ఆగ్నేయ భాగంలోని బవేరియాను విట్టెల్స్‌బాఖ్ వంశం 1180 నుంచి 1918 దాకా, అంటే 738 ఏళ్ళు ఏలింది. మొదట వారికి రాజు బిరుదు లేదు. నెపోలియన్ అండతో 1806 జనవరి 1న మాక్సిమిలియన్ జోసఫ్ రాజయ్యాడు. ఆయన మంత్రి మోంజెలా గొప్ప కార్యదక్షుడు.

పూర్వం కొలువంటే ప్రభువు దయ. కొన్ని పదవులు డబ్బిచ్చి కొనుక్కునేవారు, కొన్ని తండ్రి నుంచి కొడుక్కి దక్కేవి. లంచం పట్టని, చదువుకున్న ఉద్యోగులు కావాలంటే వారికి రేపటి గురించి భయం ఉండకూడదని మోంజెలా గ్రహించాడు. 1805 జనవరి 1న సేవా నిబంధనలు తెచ్చాడు. జీతాన్ని హోదా వేతనం, పని వేతనం అని రెండుగా విడదీశారు. పని మానినా హోదా వేతనం ఆగదు. కోర్టు తీర్పు లేనిదే దాన్ని తీసేయకూడదు. ఉద్యోగి పోతే భార్యకు, పిల్లలకు భృతి. 1818లో ఈ హక్కులను రాజ్యాంగానికి అనుబంధంగా చేర్చారు. అయితే కింది స్థాయి సిబ్బంది చాలాకాలం దీనికి వెలుపలే ఉండిపోయారు.

తరువాత రాజులకు ఎన్ని ఒడిదుడుకులో చూడండి. మొదటి లూడ్విగ్ 1848లో గద్దె దిగాడు. రెండవ లూడ్విగ్ కోటలు కట్టి అప్పులపాలై, 1886లో పదవి పోగొట్టుకుని, కొద్ది రోజులకే సరస్సులో శవమై తేలాడు. అతని తమ్ముడు ఆటోకు మతిస్థిమితం లేదు. అతని పేరు మీద ఇతరులు పాలించారు. 1918 నవంబరులో విప్లవం వచ్చింది. మూడవ లూడ్విగ్ మ్యూనిక్ విడిచి వెళ్ళి, ఉద్యోగులను, సైనికులను తనకు చేసిన ప్రమాణం నుంచి విడుదల చేస్తూ ఒక ప్రకటన ఇచ్చాడు. రాజ్యం ముగిసింది.

ఉద్యోగుల హక్కులు మాత్రం ముగియలేదు. 1919 నాటి జర్మన్ రాజ్యాంగం వాటికి భంగం కలగరాదన్నది. విచిత్రమేమంటే, 1923లో రాజకుటుంబానికి కూడా చట్టం ద్వారానే ఒక నిధి ఏర్పరచి, ఏటా కొంత సొమ్ము ముట్టేలా చేశారు. ఏడు శతాబ్దాలు ఇచ్చిన చేయి, చట్టం ప్రకారం పుచ్చుకునే చేయి అయింది!

అలాగని చట్టం ఒక్కటే కాపాడుతుందనుకోరాదు. 1933 ఏప్రిల్ 7న హిట్లర్ ప్రభుత్వం మరో చట్టం తెచ్చి యూదు ఉద్యోగులను వెళ్ళగొట్టింది. 1944లో ఆ రాజకుటుంబం వారిని, పిల్లలతో సహా, నిర్బంధ శిబిరాలకు పంపింది. అడిగేవాడు లేనప్పుడు కాగితం మీది హక్కు కాగితంగానే మిగులుతుంది.

మన దేశంలో 1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు పింఛను దయాధర్మం కాదని తేల్చింది. అందుకే ఈ దినోత్సవం. కాని 2004 సెప్టెంబరు 1 నుంచి మన రాష్ట్రంలో చేరిన ఉద్యోగులను ఆ పాత పింఛనుకు వెలుపల ఉంచారు. బవేరియాలో కింది సిబ్బంది నిలబడ్డ చోటే మన పిల్లలూ నిలబడ్డారు. మన బకాయిల కోసం మనం అర్జీలు పెట్టుకుంటున్నాం, మంచిదే. ఇక ముందు ప్రతి అర్జీలో వారి కోసం కూడా ఒక్క వాక్యం చేర్చాలని ఈ సభను కోరుతున్నాను.