విడిది యిల్లు, అద్దె యిల్లు

(లాడ్ బజారు సమీపమున నొక పఠనమందిరములో గావింపబడిన ప్రసంగము)

చార్మినారునకు పడమటి దిక్కున గాజుల తళతళలతో నిండియుండు ఈ లాడ్ బజారు నెరుగనివారు లేరు. హైదరాబాదు లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు సైతము లభించినది. గాజులు కొనుటకు వచ్చువారు వేలకొలది. కాని అంగళ్ళపై మేడలను, వెనుక సందులలోని పాత యిండ్లను తలయెత్తి చూచువారెందరు? వానిలో కొన్నిటి యజమానులు నేడిక్కడ లేరు. ఒకరు దుబాయిలో, ఒకరు చికాగోలో, మరియొకరు మూసీ కావలి యొడ్డున. రంజానునకో, బోనాలకో, పెండ్లికో వచ్చి పితృగృహమున కొన్నాళ్ళుండి పోవుదురు. తక్కిన కాలమున ఆ యిల్లు అద్దెకు పోవుచున్నది.

ఇట్టి యింటిపై ఆదాయపు పన్ను ఎట్లు? మనవారు దీనికి రెండు జవాబులు చెప్పుదురు. “సొంత యింటికి పన్నేమి?” యనునది మొదటిది. “అద్దె యంతయు పన్ను క్రింద పోవును, చెప్పకుండుటే మేలు” అనునది రెండవది. మొదటిది అజ్ఞానము, రెండవది అధర్మము. అధర్మమే కాదు, అనవసరము కూడ. ఏలయన న్యాయమైన మినహాయింపును చట్టమే యిచ్చుచున్నది.

భారత ఆదాయపు పన్ను చట్టము హైదరాబాదు ప్రాంతమునకు వర్తించినది 1950 ఏప్రిల్ 1 నుండి. పిదప 1961 చట్టము వచ్చెను. దాని స్థానమున 2026 ఏప్రిల్ 1 నుండి అమలగునట్లు 2025లో కొత్త చట్టము చేయబడెను. ఇంటి ఆదాయమును గూర్చిన మూలసూత్రములు మాత్రము మారలేదు.

అద్దెకీయక తనకై యుంచుకొనిన యింటి వార్షిక విలువ, రెండిండ్ల వరకు, సున్న. కాని ఆ సంవత్సరములో ఒక్క నెల అద్దెకిచ్చినను ఆ సున్న తొలగిపోవును. మనవారు మోసపోవుట యిచ్చటనే. నెలకు 20,000 రూపాయలు తేగల మేడ నొకరు పదినెలలు అద్దెకిచ్చి, రెండు నెలలు తామే యుండిరనుకొందము. చేతికి వచ్చినది 2,00,000 రూపాయలు. అయినను ఆ యిల్లు ఏడాదికి న్యాయముగ తేగల అద్దె 2,40,000 గనుక లెక్క ఆ పెద్ద మొత్తముతోనే మొదలగును. తామున్న రెండు నెలలకును తమకు తామే అద్దె చెల్లించుకొన్నట్లు! అద్దెకుండువారు దొరకక ఖాళీగ నుండిన యెడల సడలింపు కలదు. తమ సుఖమునకై యుంచుకొన్నచో లేదు.

ఇక తీసివేతలు. యజమాని ఆ సంవత్సరమున నిజముగ చెల్లించిన మునిసిపల్ పన్ను మొదట తీసివేయవలెను. బాకీ పెట్టినది లెక్కకు రాదు. అది 10,000 అయినచో మిగులు 2,30,000. ఇందులో నూటికి 30 వంతున 69,000 రూపాయలు మరమ్మతు మొదలగు వానికై తీసివేయబడును. సున్నము వేయించినను వేయింపకున్నను ఇంతే. రసీదులు చూపనక్కరలేదు, అంతకు మించి వ్యయమైనను ఎక్కువ రాదు. మిగిలిన 1,61,000లో, ఆ మేడను బాగు చేయించుటకు తెచ్చిన అప్పునకు వడ్డీ 61,000 అయినచో అదియు పోవును. పన్నునకు నిలుచునది లక్ష రూపాయలు మాత్రమే. అద్దె దాచి భయముతో కాలము గడపుటకంటె ఈ లెక్క వ్రాసికొనుట సులభము కాదా?

మరియొక ఉపాయము ధర్మసమ్మతమే. క్రింది అంగడియు పై మేడయు వేర్వేరు భాగములైనచో, అంగడి నద్దెకిచ్చి, మేడను ఏడాది పొడుగున తమకై యుంచుకొనవచ్చును. అప్పుడు ఏ భాగమునకా భాగమే లెక్క. అప్పు వడ్డీని కూడ అట్లే పంచవలెను. లెక్కకు లోబడి యిల్లు నిజముగ నట్లు వాడబడవలెనే గాని, కాగితముపై మాత్రమే కారాదు.

అమెరికాలో నున్న మన బంధువులు అచ్చటి పద్ధతిని ఇచ్చటికి అన్వయింపరాదు. ఆ దేశమున దినములు లెక్కింతురు: స్వంత నివాసమును ఏడాదిలో 15 దినములకు తక్కువగ అద్దెకిచ్చిన ఆ రాబడి పన్నులోనికి రాదు. మన చట్టమున అట్టి దినముల మినహాయింపు లేదు. ఇంకొక మాట: యజమాని విదేశవాసియైనను ఇచ్చటి అద్దె ఇచ్చటి పన్నునకు లోబడును, అతనికి అద్దె చెల్లించువాడు మూలమునందే పన్ను మినహాయించి ప్రభుత్వమునకు కట్టవలెను. ఇది తెలియని పేద అద్దెదారు నోటీసుల పాలగుట న్యాయమా? ఈ సంగతి ముందుగ చెప్పుట యజమాని ధర్మము.

సోదరులారా, పాత యిల్లు తాతల ధనము. దాని సున్నపు గోడలు నిలుచుటకు అద్దె కావలెను; మన వీధిదీపములు వెలుగుటకు పన్ను కావలెను. ఒప్పందపత్రము, మునిసిపల్ రసీదు, వడ్డీ ధ్రువపత్రము, ఈ మూడును ఒక పెట్టెలో భద్రపరచుడు. చట్టమిచ్చినంత తీసికొనుడు, చట్టమడిగినంత యిండు. గాజు పెట్టుబోవునప్పుడు చేతిని కొలిచి పెట్టుదురు గాని, విరుగగొట్టి పెట్టరు. పన్ను లెక్కయు నట్లే కొలిచి చేసినచో ఎవరికిని నొప్పి యుండదు.