చదువు ఆగిన ఏళ్ల గురించి



ఈ రోజు పట్టాలు అందుకుంటున్న మీలో ఇంటర్ కాగానే డిగ్రీలో చేరినవాళ్లు కొందరే ఉంటారు. 1982లో ఆచార్య జి. రాంరెడ్డి గారు తొలి వైస్ ఛాన్సలర్‌గా, దేశంలోనే మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం హైదరాబాదులో మొదలైంది. చదువు మధ్యలో మానుకోవాల్సి వచ్చినవాళ్లకు అది తలుపు తెరిచింది. చదువు ఆగిన ఆ ఏళ్ల గురించి ఇక్కడ మిమ్మల్ని ఎవరూ నిలదీయలేదు. రేపు పీజీకో, బీఈడీకో, విదేశాలకో దరఖాస్తు పెడితే మాత్రం అడుగుతారు.

సర్టిఫికెట్ల వెరిఫికేషన్ దగ్గర, చదువు ఎందుకు ఆగిందో ప్రమాణం చేసి చెప్పే గ్యాప్ అఫిడవిట్లు చాలా చూశాను. దాదాపు అన్నీ ఒకేలా ఉంటాయి. కోర్టు గేటు దగ్గర టైపిస్టు వద్ద నమూనా సిద్ధంగా ఉంటుంది. పేరు, సంవత్సరాలు మారుస్తాడు. కారణం దగ్గర ‘అనారోగ్యం’ అన్న మాట అలాగే ఉండిపోతుంది. ఆ కాలంలో ఏ కాలేజీలోనూ చేరలేదు, చట్టవిరుద్ధమైన పనులేవీ చేయలేదు అని రాసి, కింద సంతకం, నోటరీ ముద్ర. ఏళ్ల తరబడి కిరాణా కొట్టు నడిపి తమ్ముణ్ణి చదివించిన మనిషి, తను నేరం చేయలేదని మాత్రం రాసిచ్చి వెళ్లిపోతాడు. నాకు బాధ అక్కడే.

రాని జబ్బును వచ్చిందని రాయకండి. అది ప్రమాణం చేసి ఇచ్చే కాగితం. ఇంటర్వ్యూలో ఏ ఆసుపత్రిలో చూపించుకున్నారని అడిగితే, ఒక అబద్ధానికి ఇంకోటి తోడు తెచ్చుకోవాలి. నిజానికి నాలుగు వాక్యాలు చాలు: ‘2016లో ఇంటర్ పాసయ్యాను. నాన్నకు పక్షవాతం వచ్చింది. 2020 దాకా కొట్టు నేనే చూసుకున్నాను, లెక్కలు రాశాను. ఆ ఏడాది డిగ్రీలో చేరాను.’ ఇందులో జాలి కోరే మాట ఒక్కటీ లేదు. ఏం జరిగింది, అప్పుడు ఏం చేశారు, మళ్లీ ఎలా వచ్చారు అన్నవి ఉన్నాయి. పెళ్లి, పిల్లల వల్ల ఆగిన అమ్మాయిలు ‘వ్యక్తిగత కారణాలు’ అని ఎందుకు దాచుకోవాలి? పిల్లల్ని పెంచానని రాయండి. పరీక్ష తప్పి ఆగినవాళ్లు ఆ మాటే రాయండి, మార్కుల మెమోలో ఎలాగూ కనిపిస్తుంది.

కాగితాల సంగతి కూడా చూసుకోండి. స్థానికత తేల్చే ఏళ్లలో బడికి వెళ్లని కాలం ఉంటే స్టడీ సర్టిఫికెట్‌కు బదులు తహసీల్దారు ఇచ్చే నివాస ధ్రువపత్రం కావాలి. కౌన్సెలింగ్ ముందు రోజు దానికోసం పరుగెత్తకండి.

మీలో కొందరు రేపు అధ్యాపకులవుతారు, అడ్మిషన్ల గదిలో కూర్చుంటారు. మీ ముందుకు ఇలాంటి ఫైలు వస్తే ఎందుకు ఆగావన్న ఒక్క ప్రశ్నతో సరిపెట్టకండి. ఆ ఏళ్లలో ఏం చేశావని కూడా అడగండి, ఎదుటి మనిషి చెప్పేది పూర్తిగా వినండి.