సున్నం గోడ
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగం)

 

ఫ్రాన్స్‌లో డోర్డోన్ ప్రాంతంలోని ఒక పల్లెలో నేనూ నా భార్యా పాత రాతి ఇల్లు కొన్నాం. కింద కిరాణా కొట్టు, పైన మా కాపురం అనుకున్నాం. గోడలు 60 సెంటీమీటర్ల మందం. 500 మీటర్ల లోపు రక్షిత చర్చి ఉన్నందున కిటికీలు మార్చడానికీ ప్రభుత్వ ఆర్కిటెక్టు సమ్మతి కావలసి వచ్చింది.

లోపలి గోడలకు మాత్రం ఎవరినీ అడక్కుండా సిమెంటు పూయించాను. రెండో చలికాలానికి పెచ్చులూడాయి. గోడలో చెమ్మ బయటికి పోలేక దూలం చివర పుచ్చింది. దాచుకున్న డబ్బు సగం కరిగింది. ఊళ్లో ముసలి మేస్త్రీ వచ్చి చూసి, "రాతిగోడకు సున్నమే పట్టించాలి. అది చెమ్మను బయటికి వదులుతుంది" అన్నాడు. సిమెంటంతా చెక్కించి, సున్నం, ఇసుక కలిపి మళ్లీ పూశాం. గోడలు ఆరాయి. కొట్టు తెరిచాం.

గానుగ సున్నంతో కట్టిన మన బడి గోడకు వీపానించి లెక్కలు నేర్చుకున్నవాణ్ణి నేను. ఆ గోడ గుణం తెలియడానికి అంత దూరం పోవలసి వచ్చింది!

ఇప్పుడు ఆ పాత గదుల మరమ్మతుకు చందాలు పోగుచేస్తున్నాం. నా వంతు ఇస్తాను. ఒక్కటే మనవి: సిమెంటు బస్తా విప్పేముందు సున్నం పని తెలిసిన మేస్త్రీని పిలిచి అడుగుదాం.

సెలవు.