ఇంటి వేడిమికి కాపరి

గదిలో వేడి ఎంత ఉండవలెనో మనం ఒక్కసారి చెప్పి ఊరుకొంటే, ఆ మాటను రేయింబవళ్ళు కనిపెట్టి నిలబెట్టే చిన్న సాధనానికి థర్మోస్టాటు అని పేరు. ఇస్త్రీపెట్టెలో, నీళ్ళు కాచే గీజరులో, ఫ్రిజ్‌లో అది ఏనాటినుండో మన కంటబడకుండా పనిచేస్తూనే ఉన్నది. శీతల దేశాలలో గదులను వెచ్చబరచడానికి దానిని గోడమీద పెట్టినారు. మన ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతాలలో గదిని వెచ్చచేయవలసిన అక్కర లేదు. పుష్యమాసంలో ఎమ్మిగనూరు నీలకంఠేశ్వరుని జాతరనాటి చలికి ఒక మంచి దుప్పటి చాలును. శివరాత్రి వెళ్ళిన తరువాత వచ్చే ఎండలతోనే మనకు పని. ఏప్రిల్, మే నెలలలో 40 డిగ్రీలు దాటిన పగళ్ళు ఈ సీమకు కొత్త కావు.

అందుచేతనే ఎయిర్ కండిషనర్ నేడు మధ్యతరగతి ఇండ్ల పడకగదులలోనికి వచ్చినది. దానివెంట రెండు చిక్కులు కూడా వచ్చినవి. ఒకటి కరెంటు బిల్లు. రెండవది అంతకంటె పెద్దది. ఒకే గదిలో డెబ్బై యేండ్ల అవ్వ, ఆరు నెలల పసిబిడ్డ, వయసులో ఉన్న తండ్రి పండుకొంటారు. ముగ్గురికీ కలిపి ఒకే అంకె. ఆ అంకెను పెట్టేవాడు తండ్రి. తెల్లవారుజామున చలికి ముడుచుకొనేవారు తక్కిన ఇద్దరు. ఈ చిక్కులు తీరవలెనంటే థర్మోస్టాటు పనితీరు తెలిసి ఉండడం మంచిది.

గదులలో వాడే విద్యుత్తు థర్మోస్టాటు పుట్టుక ఒక బడిలో జరిగినది. అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో, వైట్‌వాటర్ అనే ఊరి ఉపాధ్యాయ శిక్షణ పాఠశాలలో వారెన్ జాన్సన్ అనే ఆచార్యుడు ఉండేవాడు. తరగతి గదులలో వేడి ఎంత ఉన్నదో చూచుటకు నౌకరు మాటిమాటికి పాఠం మధ్యలో లోపలికి వచ్చి, తిరిగి నేలమాళిగలోనికి దిగిపోయి కొలిమిని సరిచేయవలసి వచ్చేది. ఆ రాకపోకలు మాన్పించడానికి జాన్సన్, గదిలోని వేడిమి సంగతిని విద్యుత్తు తీగద్వారా క్రిందికి తెలిపే ఏర్పాటు కనిపెట్టి 1883లో పేటెంటు పొందినాడు. నాడు ఆ వార్తను తీగ మోసినది. నేడు తీగ లేకుండానే ఆ వార్త పోతున్నది. అంతే భేదం.

తీగలేని థర్మోస్టాటులో రెండు భాగాలు ఉంటవి. మొదటిది గదిలో ఉండి వేడిమిని కొలిచి, కబురు పంపేది. ఇది సాధారణంగా బ్యాటరీలతో నడుస్తుంది. రెండవది యంత్రం దగ్గర ఉండి, ఆ కబురు అందుకొని యంత్రాన్ని నడిపించేది, ఆపేది. కబురు పోయేది రేడియో తరంగాల మీదనే. మీడియం వేవ్ ప్రసారాల తరంగాలు వందల మీటర్ల పొడవు గలవి. వైఫై తరంగాలు పండ్రెండున్నర సెంటీమీటర్లకు మించవు. ఇంత పొట్టి తరంగాలకు మందమైన రాతిగోడలు పెద్ద అడ్డు. మన పాత ఇండ్లలో రెండడుగుల గోడ అవతల పెట్టిన సాధనం తరచు మూగవోవుటకు కారణం ఇదే.

మన ఇండ్లలోని స్ప్లిట్ ఎయిర్ కండిషనర్లకు వేరొక పద్ధతి ఉన్నది. ఫోనునుండి ఆజ్ఞ వైఫై ద్వారా ఒక చిన్న పెట్టెకు వస్తుంది. ఆ పెట్టె రిమోటు వలెనే కంటికి కనబడని ఎర్రని కాంతితో యంత్రానికి చెబుతుంది. బీరువాగాని, తెరగాని అడ్డమున్నచో ఆ కాంతి చేరదు. చాలా పెట్టెలు చెప్పగలవేగాని, చెప్పినది అవతల వినబడినదో లేదో ఎరుగవు. ఈ విషయంలో వాటి స్థితి రేడియోలో ప్రసంగించేవారి స్థితి వంటిదే. కనుక అమర్చిన మొదటి రెండు మూడు రోజులు మీరే కనిపెట్టి చూడవలెను.

మరొక సంగతి. కొన్ని రిమోటులలో వేడిమిని కొలిచే ఏర్పాటు ముందే ఉంటుంది. ‘ఐ ఫీల్’ అనో, ‘ఫాలో మీ’ అనో వ్రాసిన మీట నొక్కితే, పైన గోడకున్న యంత్రం దగ్గరి వేడిమిని కాక, రిమోటు ఉన్నచోటి వేడిమిని లెక్కలోనికి తీసుకొంటుంది. అట్టి రిమోటు ఉన్నవారింట తీగలేని థర్మోస్టాటు ఉన్నట్లే. దానిని మంచం ప్రక్కన, యంత్రానికి ఎదురుగా పెట్టుకొంటే చాలును. దిండు క్రింద పెట్టరాదు.

ఇక ఎక్కడ అమర్చవలెను? ఇల్లు చూచి ఇల్లాలిని చూడమన్నారు పెద్దలు. గోడను చూచి థర్మోస్టాటును పెట్టమని మనం చెప్పుకోవచ్చు. సాయంకాలపు ఎండకు కాగే పడమటి గోడమీద పెట్టితే, గది చల్లబడినా అది వేడిగానే ఉన్నదని చెబుతుంది. యంత్రం ఆగదు. చల్లగాలి నేరుగా తగిలేచోట పెట్టితే గది ఉడుకుతూండగానే యంత్రాన్ని ఆపివేస్తుంది. కాబట్టి లోపలి గోడకు, నేలనుండి సుమారు ఐదడుగుల ఎత్తున, ఎండ, వంటిల్లు, టీవీ, ఫ్రిజ్, దీపం వీటి వేడి తగలని చోట, తెరచాటు కాకుండా ఉండవలెను. సాక్షి నిలిచిన చోటును బట్టి సాక్ష్యం, సాక్ష్యాన్ని బట్టి తీర్పు.

యంత్రం దగ్గరి భాగాన్ని మెయిన్ కట్టివేసిన తరువాతనే, లైసెన్సు గల ఎలక్ట్రీషియన్ చేత బిగించవలెను. ఇది 230 వోల్టుల పని. పెద్ద యంత్రాన్ని సన్నని తీగకు, ఆరు ఆంపియర్ల ప్లగ్గుకు తగిలించరాదు. కొనేముందు ఒక పరీక్ష చేయించండి: వైఫై ఆపివేయమనండి. అప్పుడు కూడా గోడమీది సాధనం తన పని తాను చేసుకొంటే అది నమ్మదగినది.

ఇప్పుడు అంకె సంగతి. గది 36 డిగ్రీలున్నప్పుడు 18కి తిప్పితే త్వరగా చల్లబడుతుందని పలువురి నమ్మకం. త్వరగా చల్లబడదు. 24 పెట్టినా, 18 పెట్టినా మొదట యంత్రం తన పూర్తి బలంతోనే నడుస్తుంది. 18 పెట్టినచో 24 దగ్గర నెమ్మదించదు, అంతే. ఒక్కొక్క డిగ్రీ పెంచినకొద్దీ కరెంటు సుమారు ఆరు శాతం ఆదా అవుతుందని కేంద్ర సంస్థయైన బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ అంచనా. అందుకే 2020 జనవరి నుండి స్టార్ గుర్తుగల గది ఎయిర్ కండిషనర్లు మొదట 24 డిగ్రీల వద్దనే మొదలు కావలెనని నియమం చేసినారు. 26 పెట్టి, పైన ఫ్యాను మెల్లగా త్రిప్పుకొంటే చాలామందికి హాయిగానే ఉంటుంది. అర్ధరాత్రి దాటిన తరువాత మరొక డిగ్రీ పెరిగేటట్లు థర్మోస్టాటుకు ముందే చెప్పి ఉంచవచ్చును. తెల్లవారుజామున అవ్వను, పసిబిడ్డను కాపాడేది ఆ ఒక్క డిగ్రీయే.

అయితే ఈ కాపరికి తెలియనివి కూడా ఉన్నవి. అది గాలి వేడిని కొలుస్తుందిగాని, పైకప్పునుండి దిగే సెగను చాలవరకు ఎరుగదు. పూర్వపు మట్టిమిద్దె పగటి ఎండను తన మందంలో అట్టే నిలుపుకొనేది. గవాక్షిగుండా వేడిగాలి పైకి పోయేది. నేటి కాంక్రీటు కప్పు రాత్రి పదిగంటలకు కూడా సెగలు గ్రక్కుతూనే ఉంటుంది. అంకె 26 చూపుతున్నా ఒళ్ళు చిటపటలాడుట ఇందువలననే. వేసవికి ముందు మిద్దెపైన తెల్లసున్నం వేయించుట థర్మోస్టాటు కొనుటకంటె ముందు చేయవలసిన పని. ఈ ఉద్దేశంతోనే తెలంగాణ ప్రభుత్వం 2023లో చల్లని పైకప్పుల విధానాన్ని ప్రకటించినది.

సాధారణపు థర్మోస్టాటు గాలిలోని తేమను కూడా లెక్కించదు. తేమ విలువ ఎమ్మిగనూరు నేతగాండ్రకు చెప్పనక్కరలేదు. గుంటమగ్గం దగ్గర నేలలోని చెమ్మ నూలుకు మేలు చేస్తుందని, పొడిగాలికి పోగు తెగుతుందని వారెరుగుదురు. మన వేసవి పొడి వేసవి. కనుక కిటికీ తెరచి, నీటి కూలరు వాడుకొంటే తక్కువ ఖర్చుతో చల్లదనం వస్తుంది. వానలు పడి గాలిలో తేమ చేరిన తరువాత కూలరు పనికిరాదు. అప్పుడు తలుపులు మూసి ఎయిర్ కండిషనర్ వాడవలెను. రెండింటినీ ఒకేసారి నడుపుట కరెంటును నీళ్ళపాలు చేయుటయే.

ఈ ప్రాంతంనుండి అమెరికాలోని బిడ్డల దగ్గరకు వెళ్ళే తల్లిదండ్రులకు ఒక్కమాట. అక్కడ చాలా ఇండ్లలో వేడికి, చల్లదనానికి కలిపి గోడమీద ఒకే థర్మోస్టాటు ఉంటుంది. ‘హీట్’ అంటే వెచ్చచేయుట, ‘కూల్’ అంటే చల్లబరచుట, ‘ఆటో’ అంటే రెంటిలో తగినదానిని అదే ఎంచుకొనుట. అంకెలు ఫారన్‌హీటులో ఉంటవి. అక్కడి 68 మన 20, అక్కడి 75 ఇంచుమించు మన 24. ఈ మూడు మాటలు, రెండు అంకెలు తెలిసినచో, పిల్లలు పనికి వెళ్ళిన తరువాత చలికి వణుకుతూ కూర్చోనక్కరలేదు.

కడపట చెప్పవలసినది ముఖ్యమైనది. బ్యాటరీ అయిపోవచ్చును. కరెంటు పోవచ్చును. మూసిన గది అరగంటలో మరల కాగిపోతుంది. వయసు మళ్ళినవారికి దాహం త్వరగా తెలియదు. పసిబిడ్డ ఏడ్చుట తప్ప చెప్పలేదు. కాబట్టి ఏటా వేసవికి ముందు బ్యాటరీలు మార్చండి. కరెంటు పోయిన వెంటనే తలుపు, కిటికీ తెరవండి. అవ్వకు అడగకముందే నీళ్ళివ్వండి. నిద్రమధ్యలో ఒకసారి లేచినప్పుడు గోడమీది అంకెను చూచుటతో సరిపెట్టక, పసిబిడ్డ మెడవెనుక చేయిపెట్టి చూడండి. చెమటగా ఉన్నదా, చల్లగా ఉన్నదా అనే సంగతి గోడమీది సాధనానికి తెలియదు, ఆ చేతికి తెలుస్తుంది.