డయాలిసిస్ రోగులును దేహధాతువులును

(ఖైరతాబాదున జరిగిన మన సంఘ వార్షిక మహాసభయందు చేసిన ఉపన్యాసము)



ఈ మహాసభయందు నేను విద్యను గూర్చియో, వివాహవ్యయమును గూర్చియో మాటలాడుదునని మీలో పెక్కురు తలంచి యుందురు. జీవితమెల్ల బడిపంతులుగా గడపినవాడు అట్టి విషయములనే యెత్తుకొనుట వాడుక. కాని కార్యదర్శిగారు పదిమందికి పనికివచ్చు విషయమేదైన చెప్పుడని కోరినపుడు నాకు మొట్టమొదట జ్ఞప్తికి వచ్చినది గతించిన నా తమ్ముడు. అందుచే మూత్రపిండములు చెడి డయాలిసిస్ చేయించుకొనువారి దేహస్థితిని గూర్చి నాలుగు మాటలు విన్నవించెదను. నేను వైద్యుడను గాను. వైద్యులవలన వినినదియు, గ్రంథములలో చదివినదియు, ఇంట అనుభవించినదియు మాత్రమే చెప్పువాడను.

రక్తమునందలి మలినములను, మిగులు నీటిని వడగట్టి వెలికి బంపుట మూత్రపిండముల పని. అవి పూర్తిగా చెడినపుడు ఆ పని యంత్రము చేయవలసి వచ్చును. 1943లో హాలండు దేశపు కాంపెన్ పట్టణమున విల్లెం కోల్ఫ్ అను వైద్యుడు ఇట్టి యంత్రమును మనుష్యులకు వినియోగించెను. 1960లో అమెరికాలోని సియాటిల్ నగరమున బెల్డింగ్ స్క్రిబ్నర్ అను నాతడు రక్తనాళములకు మాటిమాటికి యంత్రమును తగిలించుటకు వీలగు గొట్టమును కల్పించిన పిదప, రోగి యేండ్ల తరబడి దీనిపై జీవించుట సాధ్యమయ్యెను. వారమునకు మూడు మారులు, మారునకు నాలుగేసి గంటలు చేయుట సాధారణపద్ధతి. మనము కూర్చున్న ఖైరతాబాదునకు ఆనుకొనియున్న పంజగుట్టలోనే నిజాం వైద్యవిజ్ఞాన సంస్థ కలదు. 2007లో ఆరంభమైన ఆరోగ్యశ్రీ పథకమువలన పేదలకును ఈ చికిత్స లభించుచున్నది. ఇది గొప్ప ఉపకారము. కాని యంత్రము రక్తమును శుద్ధి చేయునే గాని దేహమును పోషింపదు. పోషణభారము ఇంటివారిది. అచ్చటనే మనము పొరబడుచున్నాము.

దేహము లావగుట మేలా, సన్నగుట మేలా అను ప్రశ్న మన శాస్త్రములకు క్రొత్తది గాదు. చరకసంహిత సూత్రస్థానమున ఇరువదియొకటవ అధ్యాయము అతిస్థూలుని, అతికృశుని ఇరువురను నిందితులలోనే చేర్చినది. ఐనను రెంటిలో కార్శ్యమే మేలని చరకుడును, తరువాతి వాగ్భటుడును నిర్ణయించిరి. నేటి వైద్యులును సామాన్యజనుల విషయమున అట్లే చెప్పుదురు. బెల్జియము దేశపు గణితజ్ఞుడు కెట్లే పందొమ్మిదవ శతాబ్దిలో కనిపెట్టిన లెక్క నేడును వాడుకలో నున్నది. బరువును కిలోలలో తీసికొని, ఎత్తును మీటర్లలో తీసికొని దాని వర్గముచే భాగింపవలెను. ఆ ఫలము మిక్కిలి హెచ్చినవారికి మధుమేహము, రక్తపుపోటు, గుండెజబ్బు హెచ్చును.

ఐతే డయాలిసిస్ రోగుల విషయమున ఈ లెక్క తలక్రిందైనది. ఫ్రాన్సు, అమెరికా మొదలగు దేశములలో వేలకొలది రోగులను పరిశీలింపగా, స్థూలులకంటె కృశులే ముందుగా మరణించుచున్నట్లు కానవచ్చెను. 2003లో అమెరికాలోని కాలంటర్-జాదే మొదలగు వైద్యులు దీనికి విపర్యయమను నర్థమిచ్చు పేరు పెట్టిరి. చరకవాగ్భటుల సిద్ధాంతము ఇచ్చట చెల్లలేదా యని నాకును మొదట ఆశ్చర్యము కలిగెను. విచారింపగా రెండు కారణములు తెలిసినవి. స్థౌల్యమువలని కీడు పదియిరువదియేండ్లకు గాని ఫలింపదు. డయాలిసిస్ రోగిని క్షయింపజేయు కీడు నెలలలోనే ఫలించును. అదియును గాక, కృశించుట కొన్నియెడల మరణకారణము గాక లోపలి వ్యాధికి చిహ్నము మాత్రమే. కావున లావైన చాలునని యెవ్వరును భ్రమపడరాదు.

అసలు మర్మము మన సప్తధాతువుల విభాగముననే కలదు. మాంసధాతువు వేరు, మేదోధాతువు వేరు. త్రాసు ఈ రెంటిని వేరుచేసి చెప్పజాలదు. బరువు హెచ్చుగా నుండి కండయు తగినంత యున్నవారు డయాలిసిస్ రోగులలో ఎక్కువకాలము జీవించుచున్నారనియు, బరువున్నను కండ తక్కువై క్రొవ్వే హెచ్చుగా నున్నవారికి అంత మేలు లేదనియు పరిశోధకులు చూపిరి. ఇక డయాలిసిస్ రోగి దేహమున మూడవ వస్తువొకటి కలదు. అది నీరు. మూత్రము రాదు గావున త్రాగినదెల్ల లోననే నిలుచును. కండ కరగిన చోట నీరు చేరిన త్రాసుముల్లు కదలనే కదలదు.

మా యింట జరిగినది యిదియే. నా తమ్మునికి డయాలిసిస్ మొదలు కాకమునుపు వైద్యుడు పప్పు, గ్రుడ్డు, మాంసము తగ్గింపుమని చెప్పెను. అది అప్పటికి యుక్తమే. చెడుచున్న మూత్రపిండములపై భారము తగ్గించుటకై యట్లు చెప్పుదురు. డయాలిసిస్ ఆరంభమైన పిదప నియమము మారునని మాకు తెలియలేదు; మేము అడుగనును లేదు. పెద్దవాడను గావున పథ్యమునకు నేనే కాపలా యుంటిని. మా మరదలు పప్పుగిన్నె తెచ్చిన నేనే వెనుకకు పంపితిని. జావయు, చారన్నమును పెట్టించితిని. ప్రతిమారు చికిత్స ముగిసిన పిదప త్రాసు అరువదిరెండు కిలోలే చూపుచుండెను. బరువు నిలిచినదని మేము సంతోషించుచుంటిమి.

ఒకనాడు తమ్ముడు, "అన్నయ్యా, చొక్కా భుజములమీద వదులైనది. బరువు మాత్రము తగ్గలేదు. ఇదేమి చిత్రము?" అని యడిగెను. నాకు సమాధానము తోచలేదు. క్రొత్తగా వచ్చిన యువవైద్యుడొకడు అతని చేతిచుట్టును టేపుతో కొలిచి, రక్తములోని ఆల్బుమిన్ ఎంతయో చూచి, నన్ను ప్రక్కకు పిలిచి, "మాస్టారూ, వీరి కండ కరగిపోయినది. ఆ చోట నీరు నిండినది. మీరు ఆకలికి మాడ్చుచున్నారు" అనెను. అంతకుమునుపు పది మాసములు గడచెను. పిమ్మట ఆహారము మార్చితిమి. తమ్ముడు కొంత తేరుకొని, కోవెలకు తిరిగి నడచిపోగలిగెను, రెండేండ్లు జీవించెను. ఆ పది మాసములు పోకుండిన ఎంతకాలము బ్రదికియుండెడివాడో యెవ్వరు చెప్పగలరు? ఆ తప్పు నాది. మీ యిండ్లలో అది జరుగకుండవలెననియే యీ ప్రసంగము.

ఇంతకును కండ యేల కరగును? డయాలిసిస్ జరుగునపుడు మలినములతోపాటు ఆరు మొదలు పండ్రెండు గ్రాముల అమైనో ఆమ్లములును కొట్టుకొనిపోవును. రక్తమున ఆమ్లత్వము హెచ్చి కండను కరగించును. లోపలి వాపు కరగించును. ఆకలి చచ్చును. వీనికి తోడు మన పథ్యము. వైద్యులు ఈ స్థితికి ప్రత్యేకముగా పేరుపెట్టి, 2008లో దానిని గుర్తించు లక్షణములను ప్రకటించిరి. ఆల్బుమిన్ డెసిలీటరునకు 3.8 గ్రాములకు దిగువనుండుట, కోరకయే బరువు తగ్గుట, కండ తగ్గుట వానిలోనివి. మరియొక విశేషము: క్రియాటినిన్ అను మలినము కండనుండియే పుట్టును. మూత్రము రాని డయాలిసిస్ రోగియందు అది నానాటికి తగ్గిన ఇంటివారు పండుగ చేసికొందురు. కాని అది కండ తరుగుటకును గుర్తు గావచ్చును. వైద్యుని అడిగి తెలిసికొనవలెను.

కర్తవ్యమేమి? డయాలిసిస్ రోగికి కిలో బరువునకు దినమునకు 1.0 మొదలు 1.2 గ్రాముల మాంసకృత్తులు కావలెను. అరువది కిలోలవానికి అరువది మొదలు డెబ్బదిరెండు గ్రాములన్నమాట. ఒక కోడిగ్రుడ్డులో సుమారు ఆరు గ్రాములుండును. నూరు గ్రాముల కందిపప్పులో సుమారు ఇరువదిరెండు గ్రాములుండును. కాని ఒకడు ఒకపూట తినునది అందులో నాలుగవవంతైన ఉండదు. జావలో నున్నది స్వల్పము. గ్రుడ్డులోని తెల్లసొన ఫాస్ఫరసు తక్కువగలది గావున మిక్కిలి తగినదందురు. గ్రుడ్డు ముట్టనివారు పప్పు, పనీరు, పెరుగు ఎంతెంత తినవచ్చునో ఆహారనిపుణుని అడిగి నిర్ణయించుకొనవలెను. ఫాస్ఫరసును పట్టు మాత్రలను భోజనముతోనే మ్రింగవలెను. వైద్యుడు సమ్మతించిన మేరకు నడక, చిన్న వ్యాయామములు చేయవలెను. పెట్టిన అన్నము కండ యగుటకు కదలిక కావలెను.

విడువవలసినవి వేరు. ఊరగాయ, అప్పడము, ఉప్పు దాహమును పెంచును. దాహము నీటిని పెంచును. రోగిని చూడబోవునపుడు కొబ్బరిబొండములు, అరటిపండ్లు, బత్తాయిలు కొనిపోవుట మన మర్యాద. డయాలిసిస్ రోగికి అది మర్యాద గాదు. వానిలోని పొటాషియము హెచ్చిన గుండె యాగిపోవచ్చును.

ఇంకను ఆ స్థితికి రానివారికొక మాట. 1954లో ఒక అడుగు విగ్రహముతో మొదలైన ఖైరతాబాదు వినాయకుని మనమెల్లరము సేవించుచున్నాము. లంబోదరత్వము ఆ దేవునికి శోభయే గాని మనకు గాదు. ఒకే బరువుగల ఐరోపావానికంటె మనవారి దేహమున క్రొవ్వు హెచ్చు. అదియు పొట్టలో హెచ్చు. మధుమేహము, రక్తపుపోటు మూత్రపిండములను చెరచు ప్రధానహేతువులు. కావున ఆరోగ్యవంతునికి చరకుని మాటయే శిరోధార్యము. డయాలిసిస్ మొదలైన నాడు మాత్రము వైద్యుని, "ఇప్పుడు పథ్యమెట్లు మారినది?" అని తప్పక యడుగుడు. ఈ యొక్క వాక్యమును జ్ఞప్తియందుంచుకొన్న నా శ్రమ ఫలించినట్లే.

కడపట సంఘమునకు నా విన్నపము. మనము ఏటేట విద్యార్థివేతనము లిచ్చుచున్నాము, అన్నదానములు చేయుచున్నాము. జిల్లాలనుండి చికిత్సకై వచ్చి, బస్సులో వచ్చి బస్సులో పోవుచు, రోజెల్ల టీనీటితో గడపు డయాలిసిస్ రోగులు మన కుటుంబములలోను కలరు. వారికి చికిత్సదినమున రెండు గ్రుడ్లతోనో, గట్టిపప్పుతోనో కూడిన ఒకపూట భోజనము ఏర్పరచుట సంఘమునకు మించిన భారము గాదు. ఇందులకై ఒక చిన్న ఉపసంఘమును నియమింప ప్రార్థించుచున్నాను. నా తమ్ముని పేర కాదు, నా ప్రాయశ్చిత్తముగా, మొదటి నెల వ్యయమును నేను భరించెదను.