మన క్షేమమును మనమే అడుగుకొనుట



ఆరాధన ముగియగానే గుడి వాకిట ఒకరి క్షేమము ఒకరము అడిగి తెలిసికొందుము. మన క్షేమమును మనము అడుగుకొనుట అరుదు. అడిగినను న్యాయాధిపతివలెనే అడుగుదుము. పొరుగింటివారు నీరసించినచో గంజి కాచి పట్టుకొని పోవుదుము. మనము నీరసించినచో సోమరితనమని తిట్టుకొందుము. మన ఇండ్లలో తల్లులే తమయెడల మిక్కిలి కఠినులు.

ఏలీయాను చూడుడి. కర్మెలుమీద గెలిచినవాడే అరణ్యములో బదరీవృక్షము క్రింద కూర్చుండి చావు కోరుకొనెను. దూత అతనిని గద్దింపలేదు. నిప్పులమీద కాల్చిన అప్పమును, నీళ్లును చూపెను. తిని మరల పండుకొన్నను ఏమియు అనలేదు. రెండవసారి తట్టి లేపి, మరల తినుమనెను. ఎందుకు వచ్చితివను ప్రశ్న 40 దినముల ప్రయాణము తరువాత, హోరేబు చేరినప్పుడు గాని రాలేదు.

మనమును ఆ క్రమమునే పాటింతము. పొయ్యి వెలిగించునప్పుడు, బస్సు కొరకు నిలిచినప్పుడు ఒక్క నిమిషము చాలును. భుజములు బిగిసియున్నవా? ఆకలియా? లోపల నున్నది కోపమా, భయమా? దానికి పేరు పెట్టి, తీర్పు తీర్చక ఊరకుందము. పిమ్మట అదే స్థితిలోనున్న స్నేహితునితో ఏ మాట అందుమో ఆ మాటయే మనతో అనుకొందము.

ఇట్లయిన తప్పులు కప్పిపుచ్చుకొనరా అని పెద్దలు కొందరు అడుగుదురు. న్యాయమైన ప్రశ్నయే. అమెరికాలో బ్రైన్స్, చెన్ అను మనస్తత్వ శాస్త్రజ్ఞులు 2012లో ప్రచురించిన పరిశోధనలో, తమ తప్పును తలంచుకొని తమయెడల దయ చూపుకొన్నవారే దానిని సరిదిద్దుకొనుటకు ఎక్కువ ఇష్టపడిరి.

అయితే రెండు వారములైనను దిగులు తగ్గక, నిద్రయు ఆకలియు లేకున్నచో ఈ నిమిషము చాలదు. వైద్యుని యొద్దకు వెళ్లవలెను. ఒంటరిగా వెళ్లుటకు సంకోచమైనచో చెప్పుడి, మేము వెంట వత్తుము.